సుబేదారి డాక్టరు గోలీలు

మా కొత్తవాడలో ఎవరైనా మంచం పడితే, పలకరించడానికి వచ్చేవాళ్ళు రెండు బత్తాయిలూ ఒక డాక్టరు పేరూ పట్టుకొస్తారు. బత్తాయిలతో ఎవరికీ నష్టం లేదు.

పక్కింటి రాజమల్లుకు క్షయ అని ఎనభై మూడులో తేలింది. జంపఖానాలు నేసే మనిషి. భార్య పూలమ్మ సుబేదారిలో సారంగపాణి డాక్టరుకు చూపించింది. ఆయన ఎర్ర గోలీలు రాసి, "ఏడాది దాకా ఆపొద్దు. తగ్గినట్టు అనిపించినా ఆపొద్దు. మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగే, భయపడకండి" అన్నాడు. అంతకు మించి మాట్లాడే మనిషి కాదు.

నాలుగు నెలలకు రాజమల్లు మళ్ళీ మగ్గం దగ్గర కూర్చున్నాడు. అన్నం సయించింది. పూలమ్మ ముఖంలో కళ వచ్చింది. సరిగ్గా అప్పుడే తొర్రూరు నుంచి ఆడబిడ్డ సోమక్క దిగింది. ఎవరు రమ్మన్నారో నాకిప్పటికీ తెలియదు.

"ఇదేందే పూలా, తమ్మునికి ఒంటికి పోతే ఎర్రగ పోతాంది! ఒంట్ల నెత్తురంత గీ గోలీలే గుంజుతానయి!"

"అది మందు రంగేనట వదినె. డాక్టరు ముందే చెప్పిండు."

"ఆయనట్లనే చెప్తడు. నెలనెలా అవే గోలీలు, ఒక్క సూదన్న ఏసిండా? మా తొర్రూరు డాక్టరుది హస్తవాసి మంచిది."

సూది పొడిచినవాడే డాక్టరని మావాళ్ళ లెక్క. ఎర్ర గోలీలు ఆపేసి తొర్రూరులో సూదులు పొడిపించుకున్నారు. ఎరుపు పోయిందని అందరూ సంబరపడ్డారు. దగ్గు తిరగబెట్టింది. తర్వాత చౌరస్తాలో ఒకాయన, హైదరాబాదు నుంచి వచ్చిపోయే ఇంకొకాయన, ఆపైన ఆకు పసరు. మధ్యలో ఎవరో మళ్ళీ ఎర్ర గోలీలే రాస్తే కొన్నాళ్ళు మింగి అవీ మానేశారు. పూలమ్మను తిట్టాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! కానీ మొగుడు దగ్గుతుంటే చేతులు కట్టుకుని ఎవరు కూర్చుంటారు?

రెండేళ్ళకు పూలమ్మ మళ్ళీ సుబేదారికే వచ్చింది. రాజమల్లును రిక్షాలోంచి నేనూ రిక్షా అతనూ ఎత్తి దించాం. సారంగపాణి ఎక్స్‌రే చూశాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"తప్పయింది సారూ. గా ఎర్ర గోలీలే మళ్ల రాయుండ్రి. పదేండ్లయినా ఓపిక పడ్త. ఇంకెవ్వరి మాట ఇనను."

"ఆపుతూ మొదలుపెడుతూ వాడేసరికి రోగం వాటికి అలవాటు పడిపోయిందమ్మా. అవి ఇక పనిచెయ్యవు."

"ఇంకోటి రాయుండ్రి మరి. మీరేది రాస్తే అదే."

ఆయన బల్ల సొరుగులోంచి దగ్గు మందు సీసా తీసి ఆమె చేతిలో పెట్టాడు. పూలమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది.

"ఎన్ని నెలలు తాపాలె సారూ? ఈసారి ఆపను."

"ఈ ఒక్క సీసా చాలమ్మా."

పూలమ్మ సీసా పట్టుకుని అక్కడే నేల మీద కూలబడింది.