తొమ్మిది గంటలు ముందున్న ఊరు

విమాన టికెట్ల దుకాణంలో ఆవిడ మాటంటే మాటే. ఏ ఊరికి ఎంత దూరమో, ఎన్ని గంటలు గాల్లో ఉండాలో కళ్లు మూసుకుని చెప్పేది. ‘‘ఎగిరే గంటలు కాదు బాబూ, అక్కడి గడియారం చూడు. దిగేసరికి తేదీ మారిపోతుంది’’ అని వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పేది. దీపం కింద చీకటంటారే, చివరికి ఆవిడ విషయంలో అదే జరిగింది!

ఆ పొద్దున అన్నయ్య ఫోన్ చేశాడు. అమ్మ కుట్టుమిషను తనకి చెప్పకుండా అమ్మేశాడని ఆవిడ అతనితో మాట మానేసి చాలా ఏళ్లయింది.

‘‘తొందరా...’’ అన్నాడు. చిన్నప్పుడు అందరికంటే ముందు పరిగెత్తేదని పెట్టిన పేరు. గొంతు బొంగురుగా ఉంది. ‘‘ఎల్లుండి పొద్దున్నే ఆపరేషను. గొంతు తీసేస్తారట. ఇక మాట రాదు. ఆ మిషను సంగతి నీకు చెప్పాలి. ఆ రోజు నేను...’’

‘‘ఫోన్లో వద్దు. వచ్చి ఎదురుగా కూర్చుని వింటా.’’

నిజానికి వినాలని ఆవిడకి ప్రాణం కొట్టుకుంటోంది. కానీ పాడు పంతం, చచ్చినా వదలదు కదా. అన్నయ్య ఉండే దేశానికి ఆ రాత్రే ఒక విమానం ఉంది. ‘ఇన్నేళ్లు ఆగినవాడు ఒక్క పూట ఆగలేడా’ అనుకుంది. రేపు మధ్యాహ్నం ఎక్కితే పదకొండు గంటలు, రేపు రాత్రికల్లా అన్నయ్య దగ్గరుంటానని వేళ్ల మీద లెక్కేసుకుంది. పక్క బల్ల అమ్మాయి తీసిచ్చిన టికెట్ చూడకుండానే సంచీలో పడేసింది.

విమానం దిగబోతుండగా పైలట్ అక్కడి సమయం చెప్పాడు. ఉదయం ఎనిమిది. ఆవిడ చేతి గడియారంలో ఇంకా రాత్రి పదకొండే. అక్కడి గడియారం తొమ్మిది గంటలు ముందుంది. ఎంతమందికి చెప్పిన పాఠం అది! సీటు బెల్టు పట్టుకుని కూర్చుండిపోయింది.

ఆస్పత్రి వసారాలో వదిన ఎదురొచ్చింది. ‘‘ఆపరేషనుకి తీసుకెళ్లేదాకా మీ అన్నయ్య గుమ్మం వైపే చూశారమ్మా. నువ్వొచ్చేదాకా ఆపమని డాక్టరు కాళ్లావేళ్లా పడ్డారు’’ అంది. అందులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది.

సాయంత్రానికి అన్నయ్య కళ్లు తెరిచాడు. మెడ నిండా కట్లు. నర్సు పలకా బలపం అందించబోతే చేత్తో తోసేశాడు. తన నోటితోనే చెప్పాలని పట్టు. తోబుట్టువులు కదా, ఇద్దరిదీ ఒకే పంతం.

పెదవులు కదిలాయి. మొదటి మాట ఆవిడకి తెలిసింది. ‘తొందరా.’ ఆ తర్వాత చాలాసేపు చెప్పాడు. మధ్యలో ఒకసారి ఏడ్చాడు, ఒకసారి నవ్వాడు. ఆవిడకి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

అయినా అన్నిటికీ ‘‘ఊఁ... ఊఁ...’’ అంటూనే ఉంది. చెప్పేశానన్న నెమ్మదితో అతను కళ్లు మూసుకున్నాడు.