అత్తయ్య దగ్గు నేర్చుకున్న వైనం

స్నానాలగదిలో షవర్ తల మాయమైందని మావారు తువ్వాలు చుట్టుకుని నడవలోకి వచ్చి తగవు పెట్టుకున్నారు. ఆఫీసుకు అప్పటికే ఆలస్యమైంది.

"గోడకి ఉత్త గొట్టం వేలాడుతోంది. తల ఏదమ్మా?"

"నేనే తీయించాను," అన్నారు అత్తయ్య, పేపరు మీంచి చూపు ఎత్తకుండా. "బకెట్ పెట్టించాను, చెంబు పెట్టించాను. ఇంకేం కావాలి?"

"నాకు షవర్ కింద నిలబడితే గానీ మెలకువ రాదు."

"అయితే వెళ్ళి నిలబడు. చెంబుతో పైనుంచి నేను పోస్తాను. చిన్నప్పుడు పోయలేదూ?"

"డాక్టరమ్మ షవర్ వద్దంది నీకు, నాకు కాదు!"

"నీకు వేరే స్నానాలగది ఉంటే చూపించు, దానికి రెండు తలలు పెట్టిస్తాను."

మా మామయ్యగారు గడియారాలు బాగుచేస్తారు. కిటికీ పక్క బల్ల దగ్గర కంటికి భూతద్దం తగిలించుకుని ఎవరిదో చేతిగడియారం వెనక మూత విప్పుతున్నారు. "తల తీసేసినా గోడ నిలబడే ఉంది కదరా. నువ్వెందుకు అంత కూలిపోతావ్?" అన్నారు, తల తిప్పకుండానే.

మావారు గొణుక్కుంటూ లోపలికి వెళ్ళారు. కాసేపటికి చెంబు బకెట్‌కి తగిలిన చప్పుడు, ఆ చప్పుడులో ఉండవలసిన దానికన్నా ఎక్కువ కోపం వినిపించాయి.

అత్తయ్య ఊపిరితిత్తుల్లో చేరిన క్రిమి క్షయకు దూరపు చుట్టం. ఇంటిపేరు ఒకటే గానీ గుణం వేరు. మామూలుగా మనిషి నుంచి మనిషికి అంటదు. నీటి గొట్టాల్లో, తడిమట్టిలో కాపురం ఉంటుంది. తుంపరతో పాటు గాలిలోకి లేచి, అందరి ఊపిరిలోకీ వెళ్తుంది గానీ అందరిలోనూ నిలవదు. నిలిచిన చోట మాత్రం ఖాళీ చేయమంటే చేయని అద్దెమనిషిలా తిష్ఠ వేస్తుంది. దానికి మూడు రకాల మాత్రలు, ఏడాది పైన వేసుకోవాలి. వాటితో నోరు చేదెక్కుతుంది, ఆకలి చస్తుంది, ఒంట్లోంచి పోయే నీళ్ళు నారింజరంగులోకి తిరుగుతాయి. ఇవన్నీ అత్తయ్య పెద్దగా పట్టించుకోలేదు. మాత్రలు వేళ తప్పేవి కావు. ఆవిడకు చేతకాని పని ఒక్కటే. దగ్గడం.

అత్తయ్య చాలా ఏళ్ళు రేడియోలో వార్తలు చదివారు. తరవాత కొత్తగా వచ్చినవాళ్ళకు చదవడం నేర్పారు. తన ఉద్యోగకాలమంతటిలో ఒక్క దగ్గు కూడా మైకులోకి పోలేదని ఆవిడకు గర్వం. దగ్గు వస్తోందనగానే వెన్ను నిటారుగా పెట్టి, నాలుక కొసను అంగిటికి ఆనించి, గొంతుగుంటలో రెండు వేళ్ళతో చిన్నగా నొక్కుతారు. దగ్గు ఎటో వెళ్ళిపోతుంది. ఉద్యోగం మానేసినా ఆ అలవాటు మానలేదు. మరీ ఆగకపోతే స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పి, తువ్వాలులో మూతి దాచుకుని దగ్గేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఈవిడకు ఇన్నిసార్లు చేతులెందుకు కడుక్కోవలసి వస్తుందా అనుకునేదాన్ని.

చిక్కు అక్కడే వచ్చింది. మందు పనిచేస్తోందో లేదో తెలియాలంటే ఊపిరితిత్తుల అడుగు నుంచి వచ్చిన కఫం పరీక్షకు పంపాలి. అత్తయ్య పంపిన డబ్బా రెండుసార్లూ వెనక్కి వచ్చింది.

"ఇది ఉమ్మమ్మా, కఫం కాదు," అంది డాక్టరమ్మ. "లోపల్నుంచి దగ్గి తీయాలి. ఇది లేకుండా నేను చీకట్లో మందిస్తున్నట్టే. ఇంకొక్కసారి చూద్దాం. రాకపోతే గొంతులోంచి సన్నటి గొట్టం దింపి మేమే తీసుకుంటాం."

"గొంతులోంచా?" అన్నారు అత్తయ్య.

"మత్తిస్తాం. భయపడే పనేం కాదు."

భయపడే పని కాదని డాక్టరమ్మకు తెలుసు, నాకు తెలుసు. అత్తయ్య చెయ్యి మాత్రం గొంతు మీదికి వెళ్ళి, ఇంటికి వచ్చేదాకా అక్కడే ఉండిపోయింది. ఆటోలో ఒక్కసారే మాట్లాడారు.

"ఇన్నేళ్ళు ఆ గొంతు పెట్టుకుని బతికానే అమ్మాయ్. అందులోకి గొట్టమేమిటి?"

ఊపిరి కసరత్తులు నేర్పే ఆవిడ ఆస్పత్రిలో మాకు ఒక చిన్న పరికరం ఇచ్చింది. లోపల ఉక్కుగుండు ఉన్న పైపు అది. ఊదితే గుండు గడగడలాడి, ఆ అదురుకు లోపలి కఫం కదులుతుంది. ఆ తరవాత నోరు బాగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేటట్టు "హా" అని ఊపిరి వదలాలి. అప్పుడు దగ్గు దానంతటదే వస్తుంది.

అత్తయ్య పైపు ఊదడం మామయ్యగారికి పెద్ద వేడుక అయిపోయింది. "పొగ లేకుండా పైపు కాల్చే ఆడదాన్ని మీ అత్తలోనే చూశానమ్మాయ్," అనేవారు. అత్తయ్య గడగడలు సంగీతం నేర్చుకున్నంత శ్రద్ధగా ఊదేవారు. "హా" కూడా అనేవారు. సరిగ్గా దగ్గు పొంగే క్షణానికి వెన్ను నిటారయ్యేది, వేళ్ళు గొంతు మీదికి వెళ్ళేవి. అయిపోయేది.

"అత్తయ్యా, వదిలేయండి. ఇక్కడ నేను తప్ప ఎవరున్నారు?"

"నువ్వున్నావు కదా," అన్నారావిడ, సిగ్గుపడుతూ.

కసరత్తులావిడే మరో సంగతి చెప్పింది. ఇదే జబ్బున్నవాళ్ళు కొందరు వారానికొకసారి ఆస్పత్రి పై అంతస్తు గదిలో కూర్చుంటారట. మాట్లాడుకుంటారట, కసరత్తులు చేస్తారట, కలిసి దగ్గుతారట.

"నలుగురిలో కూర్చుని దగ్గడమా!" అన్నారు అత్తయ్య. ఎవరో నలుగురిలో స్నానం చేయమన్నట్టు చూశారు. "అంతకన్నా ఆ గొట్టమే నయం."

ఆ మాట ఆవిడ మనసులోంచి వచ్చింది కాదని ముగ్గురికీ తెలుసు. కానీ ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మావారు బతిమాలారు, నేను బతిమాలాను. చివరికి మామయ్యగారు భూతద్దం తీసి బల్ల మీద పెట్టారు. "పోనీ నువ్వు దగ్గకోయ్. ఊరికే వెళ్ళి కూర్చో. వాళ్ళ దగ్గు విని మార్కులెయ్యి. ఆ పని నీకు కొత్త కాదుగా?"

మర్నాడు అత్తయ్య బయటికి వెళ్ళే చెప్పులు తుడుచుకుంటూ కనిపించారు.

పై అంతస్తు గదికి పెద్ద కిటికీలు, అన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. కుర్చీలు గోడల వెంట దూరదూరంగా వేశారు. ఎవరి క్రిములు వాళ్ళ దగ్గరే ఉండాలని కసరత్తులావిడ పెట్టిన పద్ధతి అది. అందువల్ల అందరూ కాస్త గట్టిగానే మాట్లాడుకుంటున్నారు.

గుమ్మం పక్క కుర్చీలో మొక్కల దుకాణం నడిపే ఆవిడ కూర్చుంది. గోళ్ళ సందుల్లో మట్టి మచ్చలు, గదిని అదరగొట్టే గొంతు. "రండి రండి, కొత్తవారా? ఎన్ని మాత్రలు? మూడేనా? అదృష్టవంతులు. నాకు సూదిమందు కూడా తగిలించారు," అంది, అది పెళ్ళిసంబంధమన్నట్టు.

ఆవిడ ఎదురుగా ఈత మాస్టారు. పొడుగ్గా, భుజాలు వెడల్పుగా, ఇప్పుడు ఆ భుజాల మీద చొక్కా వదులుగా. "మీరేం పని చేసేవారండీ?" అని అడిగి, రేడియో అని వినగానే లేచి నిలబడ్డారు.

"అందుకే ఈ గొంతు ఎక్కడో విన్నాననుకుంటున్నాను! అమ్మా, మీకు నేనొక క్షమాపణ చెప్పుకోవాలి. ఏళ్ళ కిందట ఈ జబ్బు మొదలైనప్పుడు ఇంట్లో దగ్గితే పిల్లలు భయపడుతున్నారని, కారులో కూర్చుని, అద్దాలెత్తేసి, రేడియో పెద్దగా పెట్టుకుని దగ్గేవాణ్ణి. అప్పుడు మీ వార్తలే వచ్చేవి. మీ వార్తల మీద నేను చాలా దగ్గానండీ."

గది గొల్లుమంది. అత్తయ్య నవ్వారు. నవ్వితే దగ్గు వస్తుంది కాబట్టి చాలాకాలంగా ఆవిడ పళ్ళు కనబడేట్టు నవ్వడం మానేశారు. ఆ రోజు వెన్ను నిటారు చేయవలసి వచ్చింది గానీ, నవ్వడం మాత్రం నవ్వారు.

"మీరొక్కరేనా?" అంది మొక్కలావిడ. "నేను మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయి దగ్గేదాన్ని. మా పక్కింటాయన ట్యాంకు పాడైపోయిందని బాగుచేసేవాణ్ణి పిలిపించాడు."

"నేను కుళాయి తిప్పేదాన్ని," అన్నారు అత్తయ్య. నేను ఆవిడ వైపు చూశాను. ఆ మాట ఇంట్లో మాలో ఎవరితోనూ అనలేదావిడ.

తరవాత కసరత్తులు మొదలయ్యాయి. అందరూ తలో పైపూ ఊదారు. గది నిండా గుండ్ల గడగడ. ఒక్కొక్కరే "హా" అని, దగ్గి, మూత ఉన్న డబ్బాలో వేసుకుని, ముక్కూ మూతీ తుడుచుకుంటున్నారు. అత్తయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటున్నారు. కాసేపటికి కళ్ళు మూసుకుని, ఒకసారి పెదవి విరిచారు. ఆ విరుపు నాకు తెలుసు. టీవీలో ఎవరైనా తప్పుగా ఊపిరి తీసుకుని చదివినప్పుడు వచ్చేది.

ఈత మాస్టారు దగ్గి దగ్గి ఎర్రబడిపోయి కుర్చీలో వెనక్కి వాలారు. ఏమీ రాలేదు.

"మాస్టారూ," అన్నారు అత్తయ్య, ఇక ఉండబట్టలేక. "మీరు గొంతుతో దగ్గుతున్నారు. అందుకే అలిసిపోతున్నారు. గొంతుకి దీనితో పనిలేదు. అది ఉత్త గుమ్మం. ఊపిరి ఇక్కడ్నుంచి రావాలి." పక్కటెముకల కింద అరచెయ్యి పెట్టి చూపించారు. "ముందు నిండా తీసుకోకండి, సగమే తీసుకోండి. కాస్త ఆపండి. అప్పుడు పొట్ట లోపలికి నెట్టి వదలండి."

మాస్టారు అలా చేయబోయి తడబడ్డారు. "ఎలాగండీ? ఇలాగా?"

"కాదు కాదు. భుజాలు లేపకండి."

"చెబితే ఎలా తెలుస్తుందండీ," అంది మొక్కలావిడ గుమ్మం దగ్గర్నుంచి. "ఈత ఒడ్డున నిలబడి నేర్పుతారా? మాస్టారే చెప్పాలి. చేసి చూపించండి మరి!"

అత్తయ్య నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ఆ క్షణంలో నేను ఒక్క మాటన్నా ఆవిడ లేచి ఇంటికి వచ్చేసేవారు. నేర్పడం మొదలుపెట్టి చేసి చూపించకుండా వదిలేయడం మాత్రం ఆవిడ జన్మలో చేసింది కాదు.

"చూడండి," అన్నారు. "సగం ఊపిరి. ఆపాను. పొట్ట లోపలికి. నోరు తెరిచి. హా. మళ్ళీ హా."

మూడో "హా"కి అది వచ్చింది. వేళ్ళు గొంతు దాకా లేచాయి, అందరూ చూస్తున్నది తన పొట్ట మీది అరచేతినని గుర్తొచ్చిందేమో, వెనక్కి దిగిపోయాయి. ఎన్నేళ్ళ నుంచి లోపల అణిగి ఉన్న దగ్గో తెలియదు, ఆ సన్నటి మనిషిలోంచి బస్సు గేరు మార్చినట్టు వచ్చింది. ఒకటి కాదు, వరసగా. కిటికీ మీది పావురం లేచిపోయింది. నేను సంచీలోంచి డబ్బా తీసి మూత విప్పి ఆవిడ చేతిలో పెట్టాను.

దగ్గు ఆగింది.

"అబ్బ," అంది మొక్కలావిడ. "అదీ దగ్గంటే."

ఈత మాస్టారు చప్పట్లు కొట్టారు. అత్తయ్య చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకుని, డబ్బాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఎంతో పరిశీలనగా చూశారు. "అమ్మాయ్, ఇది ఉమ్మి కాదు కదా?"

"కాదత్తయ్యా."

"అయితే కింద ఇచ్చేసి రా. ఈలోగా మాస్టారి భుజాల సంగతి చూస్తాను."

ఇంటికి వచ్చి జరిగింది చెబితే మామయ్యగారు చాలాసేపు నవ్వారు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారోయ్. నువ్వు రచ్చ గెలిచి వచ్చావు. ఇంటి సంగతేమిటి మరి?" అత్తయ్య వినిపించుకోనట్టు లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి కుళాయి చప్పుడు వినిపించింది. ఆయన నవ్వు ఆపేశారు.

ఆ క్రిమి నెమ్మదిగా పెరిగే రకం కనక ఫలితానికి వారాలు పట్టింది. ఈలోగా అత్తయ్య ఒక్క వారం కూడా పై అంతస్తు గది మానలేదు. మాత్రలు తిన్నాక నోటి చేదు ఎలా పోగొట్టుకోవాలో మొక్కలావిడ దగ్గర నేర్చుకున్నారు. మట్టి కలిపేముందు దుమ్ము లేవకుండా తడిపి, మాస్కు కట్టుకోమని ఆవిడను మందలించి వచ్చారు. ఫోనులో వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతు వార్తల గొంతులా ఉండేది కాదు.

ఫలితం వచ్చింది. క్రిమి ఇంకా ఉంది, కానీ మునుపటికన్నా తగ్గింది. మందు పనిచేస్తోంది, గొట్టం అక్కర్లేదు, ఇలాగే ప్రతి నెలా కఫం ఇస్తూ ఉంటే చాలని డాక్టరమ్మ చెప్పింది. అదే వారం మరో కబురు వచ్చింది. పై అంతస్తు గదిలో మంచాలు వేస్తున్నారు. కలుసుకోవడానికి ఆస్పత్రిలో ఇక చోటు లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అందరం కూర్చున్నాం. నేను కూర వడ్డిస్తున్నాను. మావారు ఫలితం గురించి మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటున్నారు. అత్తయ్య ముద్ద కలుపుతూ ఆగి, పక్కకు తిరగకుండా, మోచేతి మడతలోకి మూతి పెట్టి, ఒక్క దగ్గు దగ్గారు. చిన్నది కాదు. మామయ్యగారు మంచినీళ్ళ గ్లాసు ఆవిడ వైపు జరిపారు.

"వచ్చే వారం నుంచి మా వాళ్ళందరూ మనింటికే వస్తారు," అన్నారు అత్తయ్య. "ముందుగదిలో కూర్చుంటాం."

"ముందుగదిలోనా? అందరూ కలిసి దగ్గుతారా?" మావారి ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "అమ్మా, పక్కవాళ్ళేమనుకుంటారు? ఇదేదో అంటుజబ్బనుకుంటే?"

"అనుకుంటే అడుగుతారు. అడిగితే చెబుతాను. చెప్పడం నాకు వచ్చు."

"మేడ మీద గది ఉంది కదా. తలుపులు వేసుకుంటే ఎవరికీ వినబడదు."

"తలుపులు వేసుకుని దగ్గాలంటే వాళ్ళు ఎవరింట్లో వాళ్ళే దగ్గుకోవచ్చురా. ముందుగదిలోనే. కిటికీలు తెరిచి." ఆవిడ నా వైపు తిరిగారు. "అమ్మాయ్, సోఫా గోడకి జరపాలి. కుర్చీలు చాలవేమో."

"నా బల్ల దగ్గర స్టూలు ఉంది, తీసుకో," అన్నారు మామయ్యగారు.

మావారు తల్లి వైపు, తండ్రి వైపు, నా వైపు వరసగా చూసి, ముద్ద నోట్లో పెట్టుకున్నారు. "సరే. సోఫా నేను జరుపుతాను. ఎన్ని గంటలకి వస్తారు వాళ్ళు?"

"పొద్దున్నే," అన్నారు అత్తయ్య. "ఇంకాస్త కూర వెయ్యమ్మాయ్. ఇవాళ ఆకలిగా ఉంది."