తొమ్మిది తడి కుర్చీలు

దగ్గరికి జరగండి అమ్మా, అయ్యా. వెనకున్నోళ్లు కూడా ముందుకు రండి. అల్లా పేరు తలచుకుని చెబుతున్నా.

దుబాయ్‌కి అవతల, రాస్ అల్ ఖైమా ఊళ్లో మోరిస్ అనే ముసలాయన ఇంట్లో రాయచోటి హబీబున్నీసా వంటా, ఇల్లూ చూసేది. ఆయన వేల్స్ దేశపు యూదుడు. తాతలు రష్యాలో యూదుల మీద జరిగిన గొడవలకు పారిపోయి వచ్చి, వేల్స్‌లో ఒక బొగ్గు గనుల ఊళ్లో గడియారాలు అమ్ముకుని ఒక ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. గనులు మూతబడ్డాయి, పిల్లలు లండన్ పోయారు, మందిరం అమ్ముడైంది. ఆయన అందులోని పది కుర్చీలు మాత్రం తెచ్చుకున్నాడు.

శుక్రవారం పొద్దుగూకితే అవి గుండ్రంగా వేసేవాడు. ఒకదాంట్లో ఆయన. తక్కిన తొమ్మిదింట్లో ఎవరూ కంటికి కనపడరు గానీ, వాటి కింద వాన నీళ్లు కారేవి. తడి కోటూ బొగ్గూ కలిసిన వాసన. హబీబున్నీసా తుడిచేది. "బాబా, మీవాళ్లు చెప్పులన్నా బయట ఇడిస్తే ఏం పోయె?" అని సణిగేది.

"పదిమంది మగవాళ్లు లేనిదే మా ప్రార్థన సాగదు హబీబా. నేను పోయిననాడు పదిమంది ఉండాలి."

"ఉండారు గదా బాబా, సరిగ్గా."

నిరుడు ఒక బుధవారం పొద్దున ఆయన పోయాడు. ఆమె కుర్చీలు వేసింది. తొమ్మిది తడిశాయి. పదోది పొడిగా ఉంది. అప్పుడు తెలిసింది తన పొరపాటు. పదోవాడు ఆయనే. పోయినవాడు తన ప్రార్థనకు తాను లెక్కలోకి రాడు. సాయంత్రానికి మట్టి చేయాలి.

"నేను కూచోనా అక్కా? టోపీ ఉండనే ఉంది," అన్నాడు డ్రైవర్ షావలి.

"వాళ్ల మనిషే కావాల నాయనా. నువ్వు బండి తీయ్, యల్లా, తొందరగా."

ఆయనకు శుక్రవారం రొట్టె దుబాయ్‌లో ఎజ్రా అనే యూదుడి అంగట్లోంచి వచ్చేది. ఆమె అతనికి ఫోన్ చేసింది.

"ఒక్కణ్ణి వచ్చి ఏం చేయనమ్మా? పదిమంది కావాలి."

"తొమ్మండుగురు పొద్దున్నుంచి కూచోనుండారయ్యా, నీళ్లు కారుకుంటా. నువ్వొక్కడివే తక్కువ."

అవతల అంగడి తలుపు మూసిన చప్పుడైంది. "బండి పంపు," అన్నాడు.

పిండి చేతులతోనే దిగాడు. యూదులు మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టరు. అందుకే తమ గ్రంథంలోని పది మాటల వాక్యం ఒకటి చదువుతూ, మాటకో కుర్చీ వైపు చూశాడు. పదో మాటకు తన గుండె మీద చేయి వేసుకుని ప్రార్థన ఎత్తుకున్నాడు. ఆమీన్ అన్న చోటల్లా తొమ్మిది గొంతులు, దూరపు వానలోంచి వచ్చినట్టు. పొద్దు వాలకముందే మట్టి చేశారు, మోరిస్ తనవాళ్లతో కలిసి వెళ్లిపోయాడు.

హబీబున్నీసాది ఆ మతం కాదు, ఆ ఊరు కాదు. అయినా తక్కువైన ఆ ఒక్కడికి ఫోన్ చేసింది. ఇళ్లకు పోయాక ఈ ఒక్క పనే తలుచుకోండి. ఎవరి గుమ్మంలోనైనా ఒక మనిషి తక్కువైతే, మీరూ వెతికి పిలవండి.