సువార్తమ్మ క్లాసులో రబ్బరు బిడ్డ

నేను ఒక రబ్బరు బిడ్డను. అచ్చులోంచి తీసినవాడి తొందర వల్ల ఎడమ చెవి కాస్త వంకర. తొలిచూలు గర్భిణులకు పాఠాలు చెప్పడానికి ఆసుపత్రి వాళ్లు నన్ను కొన్నారు. చెప్పేది నర్సు సువార్తమ్మ. ఒకరోజు ఆవిడ కావాలనే నన్ను బల్ల మీంచి పడేసింది. అందరూ కెవ్వుమన్నారు. దెబ్బ తగిలిందా అని నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

“బొమ్మకే గుండె ఝల్లుమంది గదా? పురుడొచ్చాక, బిడ్డని పడేత్తానేమో, ఏదన్నా చేసేత్తానేమో అని మీకే అనిపిస్తది. చాలామందికి అనిపిస్తదమ్మా. అనిపించినంత మాత్రాన చేసెయ్యం. దాచుకోకండి. ఆ భయంతో కడిగిందే కడుగుతుంటే నా దగ్గరికొచ్చెయ్యండి,” అంది.

ఆ గర్భిణుల్లో ఒకరైన సైన్సు టీచరు హైమవతి అదంతా నోటుబుక్కులో రాసుకుని, అలవాటు కోసమని నన్ను ఇంటికి తీసుకెళ్లింది. నెలలో నాకు నలభై స్నానాలు చేయించింది. ఫ్యాక్టరీలో కూడా నేనంత శుభ్రంగా లేను.

కొడుకు పుట్టాక నన్ను బీరువా ఎక్కించారు. మూడో వారానికి హైమ ఉగ్గుగిన్నెను పూటకి ఐదుసార్లు మరగబెట్టసాగింది. తర్వాత బిడ్డను ఎత్తుకుని మెట్లు దిగడం మానేసింది. ఆ తర్వాత ఎత్తుకోవడమే మానేసింది. అత్తగారు సత్తెమ్మ దిష్టి అనుకుని బిడ్డకు ఉప్పు తిప్పింది. తల్లికీ తిప్పింది. ఎందుకైనా మంచిదని నాకూ తిప్పింది.

ఒక మధ్యాహ్నం హైమ నోటుబుక్కు తెరిచి సువార్తమ్మ మాటలు రాసుకున్న పేజీ చాలాసేపు చూసింది.

“అత్తయ్యగారూ, బాబుని మెట్ల మీంచి పడేస్తానేమోనని అస్తమానూ అనిపిస్తోందండి. నాకలా చెయ్యాలని లేదండి. దాచుకోవద్దని క్లాసులో చెప్పారు.”

సత్తెమ్మ తలుపు దగ్గరగా వేసింది.

“మీ ఆయన పుట్టినప్పుడు నేను నెల్లాళ్లు నూతి దగ్గరికెళ్లలేదమ్మాయ్. వాణ్ణి అందులో పడేత్తానేమోనని. ముప్పై రెండేళ్లయింది, ఎవరికీ చెప్పలేదు.” చెంగుతో మొహం తుడుచుకుని, “ఇప్పుడూ అప్పుడప్పుడూ అనిపిస్తది గానీ, అది వాడి నోటి దురుసు వల్ల,” అంది.

హైమ ఏడుస్తూనే నవ్వింది. మర్నాడే ఇద్దరూ సువార్తమ్మ దగ్గరికి వెళ్లారు. ఆవిడ డాక్టరుకు చూపించింది. గిన్నె పూటకి ఒక్కసారే మరగాలి, బిడ్డతో రోజూ మెట్లు దిగాలి అన్నారు. మొదటి రోజు మెట్టుమెట్టుకీ ఆగింది హైమ. నెల దాటేసరికి వాణ్ణి చంకనేసుకుని, ఫోన్లో మాట్లాడుకుంటూ దిగింది.

నన్ను తిరిగిచ్చేటప్పుడు సత్తెమ్మ కూడా వచ్చింది. క్లాసుకి అత్తగార్లనూ పిలవాలని పట్టుబట్టి, వాళ్లొచ్చిన రోజున నన్ను ఒళ్లో తలకిందులుగా పెట్టుకుని నూతి సంగతి చెప్పింది. అప్పుడు వెనక వరసలో ఒక ముసలావిడ నెమ్మదిగా లేచి నిలబడింది.

“నాకైతే, పెద్దాడు పుట్టినప్పుడు రోకలిని చూస్తే భయమేసేదండి,” అంది.