సెకనుకు ఐదు బొమ్మలు

శుక్రవారం మార్టిన్‌కి గొంతు ఆపరేషన్. ప్రాణానికి భయం లేదని, మాట మాత్రం మళ్ళీ రాదని రాయపూర్ డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. భిలాయ్ ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసులో ముప్పై రెండేళ్ళు గీసి రిటైరైన మార్టిన్, సుపేలాలోని ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ డ్రాయింగ్ నేర్పుతున్నాడు. పిల్లల్ని సగంలో వదిలేయడానికి ఆయనకు మనసొప్పలేదు. మిగిలిన పది పాఠాలూ తెర మీద గీస్తూ, మాట్లాడుతూ రికార్డు చేసి ఇస్తానన్నాడు. పదీ ఒక్క సీడీలో పట్టాలి, అంటే ఏడువందల ఎంబీలో. ఆ సెంటర్ కంప్యూటర్లలో డీవీడీ ఆడదు మరి.

రికార్డింగు పని కూతురు ఏంజెలా నెత్తిన పడింది. ఆ పిల్ల సోమవారం పొద్దున్నే పెళ్ళి వీడియోలు తీసే షాపుకెళ్ళి అడిగింది. సెకనుకు పాతిక బొమ్మలు పెట్టమ్మా, లేకపోతే వీడియో గెంతుతుంది అన్నాడతను. అలాగే పెట్టింది. అరగంట పాఠం నాలుగువందల యాభై ఎంబీ తేలింది. రెండో పాఠానికే సీడీ చాలదు.

సరేనని బొమ్మ సైజు సగానికి తగ్గించింది, ఫైలుని ఇంకా నొక్కి కుదించింది. ఫైలు పట్టింది గానీ మూడుకీ ఎనిమిదికీ తేడా తెలియలేదు. పెళ్ళి వీడియోలో అయితే ఎవరికీ పట్టదు. డ్రాయింగులో అలా చదివితే ఇనుము తప్పు కొలతకి తెగుతుంది.

మార్టిన్ కాసేపు చూసి తేల్చేశాడు.

"గొంతు తీసేయమ్మా. అంకెలు కనబడితే సాలు. గీత సూసి నేర్సుకుంటారు."

ఏంజెలాకి ఒళ్ళు మండింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ ముందు కోపమే చూపించింది. డ్రాయింగ్ ఆఫీసు పద్ధతి ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. గీసినవాడు ప్రతి కొలతా రెండుసార్లు పైకి చదవాలి, పక్కవాడు పెన్సిల్‌తో టిక్ పెట్టాలి. టిక్ లేని డ్రాయింగు ఇనుము కోసే వర్క్‌షాపులోకి వెళ్ళదు. ఇంట్లో బీరువా కొలిచినా మార్టిన్ రెండుసార్లే చదువుతాడు.

"చదివేవాళ్ళు లేకుండా టిక్ ఎలా పెడతారు నాన్నా? బోలో," అంది.

మార్టిన్ మళ్ళీ గీయడానికి కూర్చున్నాడు.

అప్పుడు ఏంజెలా తెరని కాకుండా తండ్రి చేతిని చూసింది. ఒక గీత గీస్తాడు, మౌస్ వదిలేస్తాడు, రెండు నిమిషాలు మాట్లాడతాడు. ఆ రెండు నిమిషాలూ తెర మీద ఏమీ కదలదు. అక్కడేమైనా పెళ్ళి బరాత్ వెళ్తోందా, పాతిక బొమ్మలెందుకు? షాపువాడి మాట విన్నందుకు తనని తనే తిట్టుకుంది. సెకనుకు ఐదు చేసింది. సైజు పూర్తిగా ఉంచింది. నల్లటి తెర మీద తెల్ల గీతలే కాబట్టి రంగులు తగ్గించేసింది.

అరగంటకి నలభై ఎంబీ. గీత కాస్త గెంతుకుంటూ వచ్చింది గానీ మూడు మూడులాగే ఉంది. పాఠానికి డెబ్బై చొప్పున చూస్తే ఇంకో ముప్పై మిగిలాయి. గొంతుకి పది చాలు, మిగతాది ఖాళీ ఉంచుకోమన్నాడు మార్టిన్. ఏంజెలా వినలేదు. మిగిలిందంతా గొంతుకే ఇచ్చింది.

గురువారం సాయంత్రానికి పది పాఠాలూ అయ్యాయి. దగ్గులు కూడా ఉంచేసింది.

మూడు వారాల తర్వాత మార్టిన్ మెడకి కట్టుతో సుపేలా వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ఏంజెలా సీడీ పెట్టింది. తెర మీద గీత ఒకటి గెంతుతూ వచ్చి ఆగింది. స్పీకర్లోంచి ఆయన గొంతు, పక్కనే నిలబడి చెబుతున్నంత స్పష్టంగా, కొలత చదివింది.

"ఏక్ సౌ తేయీస్. ఏక్ సౌ తేయీస్."

పిల్లలు రాసుకుంటున్నారు. మార్టిన్ జేబులోంచి పెన్సిల్ తీసి, ఎదురుగా ఉన్న డ్రాయింగు కాగితం మీద నూట ఇరవై మూడు పక్కన టిక్ పెట్టాడు.