తూకం రోజు చెప్పిన అబద్ధం

కందిరీగ ఓడిపోతుంటే చూడాలని జనం టిక్కెట్లు కొనేవాళ్ళు. గెలుస్తుంటే చూడాలని కొనేవాళ్ళూ లేకపోలేదు కానీ, వాళ్ళెప్పుడూ తక్కువే. యాభై ఏడు కిలోల తరగతి బాక్సింగ్‌లో మూడేళ్ళుగా ఛాంపియన్ బెల్టు అతని నడుముకే ఉంది. బక్కపలచటి మనిషి. వీధిలో చూస్తే గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోతాడేమో అనిపించేది. రింగులోకి దిగితే మాత్రం ఎక్కడ కుట్టాడో తెలిసేలోపు ఇంకోచోట కుట్టేవాడు. ఆ పేరు అందుకే వచ్చింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అతని నోరు పిడికిళ్ళ కంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. తూకం వేసే రోజు కెమెరాల ముందు ప్రత్యర్థి ముఖం మీదే ఆవలించేవాడు. గెలిచాక అవతలివాడి మూలకు వెళ్ళి జోలపాట పాడేవాడు. రెండేళ్ళ కిందట ఆ జోలపాటే కొంప ముంచింది. తొమ్మిదో రౌండులో ప్రత్యర్థి తాళ్ళకు జారగిలబడ్డాడు. రిఫరీ మధ్యలోకి రావడానికి ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. ఆ ఒక్క అడుగు పడేలోపు కందిరీగ రెండు దెబ్బలు కొట్టి, అలవాటు ప్రకారం జోల అందుకున్నాడు. పడినవాడు మళ్ళీ తనంతట తాను లేవలేదు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. రెండు దెబ్బలూ నియమాల ప్రకారమే ఉన్నాయని బాక్సింగ్ సంఘం తేల్చింది. జనం తేల్చలేదు. అతను సాధన చేసే జిమ్ గోడ మీద ‘హంతకుడు’ అని రాసి వెళ్ళారు. సున్నం కొట్టించిన ప్రతిసారీ మళ్ళీ రాశారు.

పోటీల్లో అతని గాయాలు చూసేది సొంత అక్క. ఆసుపత్రిలో కట్లు కట్టే నర్సు. పోటీ ఉన్న వారం సెలవు పెట్టి వచ్చేది. రౌండుకూ రౌండుకూ మధ్య దొరికే ఒక్క నిమిషంలో చిట్లిన కనుబొమ్మను దూదితో, మందుతో అదిమి నెత్తురు ఆపేసేది. ఆటలో అందరూ ఆమెను నర్సమ్మ అనేవారు. తమ్ముడి కంటే పదకొండేళ్ళు పెద్ద. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆమే. ఆమెకు నెత్తురంటే భయం లేదు. నెత్తురు బయటికి రాని దెబ్బంటేనే భయం.

మంచాన పడ్డ ఆ మనిషి ఇంటికి ఆమె ఎవరికీ చెప్పకుండా ఒకసారి వెళ్ళింది. తలుపు తీసిన భార్య ఆమెను గుర్తుపట్టి కుర్చీ చూపించింది.

“మీ తమ్ముణ్ణి తిట్టుకోని రోజు లేదు. అది వేరే సంగతి. పోటీకి పన్నెండు రోజుల ముందు సాధనలో మా ఆయన తలకి గట్టి దెబ్బ తగిలింది. అప్పట్నుంచీ పగలు కూడా నిద్రే. చేతిలో పట్టుకున్నవి జారిపోయేవి. బెల్టు పోటీ మళ్ళీ రాదని మేమే దాచాం. పిల్లలకి నాన్న ఓడిపోయాడని తెలుసు. అమ్మ ఊరుకుందని తెలీదు. తెలియనివ్వకండి.”

నర్సమ్మ మాట ఇచ్చింది. బయటపెడితే తమ్ముడి పేరు మీది మచ్చ సగం పోయేది. అయినా ఇచ్చిన మాట ఈనాటికీ తప్పలేదు.

ఈసారి బెల్టు పోటీ శనివారం సాయంత్రం. దానికి పదకొండు రోజుల ముందు, సాధనలో, జతగాడి మోచెయ్యి కందిరీగ చెవి వెనక తగిలింది. ఉన్నచోటే చతికిలబడ్డాడు. మరుక్షణం నవ్వుతూ లేచి, “కుర్చీ వెయ్యడం మర్చిపోయారా?” అన్నాడు. అందరూ నవ్వారు. ఇరవై ఏళ్ళుగా అదే జిమ్ నడుపుతున్న మాస్టారు మాత్రం తలుపు మూసి వచ్చి, “ఇది ఈ నాలుగు గోడల మధ్యే ఉండాలి” అన్నాడు. నర్సమ్మ తమ్ముడి కళ్ళలో టార్చి వేసి చూసింది. బాగానే ఉన్నాయి.

ఐదు రోజుల తర్వాత పగలు పదకొండు గంటలప్పుడు తమ్ముడి గదికి వెళితే నిద్రపోతున్నాడు. రెండింటికి మళ్ళీ వెళితే మళ్ళీ నిద్రే. వెళ్ళి మాస్టారికి చెప్పింది.

“బరువు దించుతున్నాం కదమ్మా, నీళ్ళు కూడా తగ్గించాం. నీరసం ఉండదా మరి?” అన్నాడు మాస్టారు.

నమ్మాలని ఆమెకూ ఉంది. నమ్మింది. గురువారం సాయంత్రం కందిరీగ ఆమె ఇంటికి వచ్చి వంటగది బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎడమ చేత్తో తీసుకున్న గ్లాసు జారి కిందపడి పగిలింది. అతను ఉలిక్కిపడలేదు. ఎవరో పరాయివాళ్ళది పగిలినట్టు ఆ ముక్కల వంక చూస్తూ కూర్చున్నాడు.

ఆమె ముక్కలు ఏరుతూ, “తలనొప్పి ఉందా?” అంది.

“బరువు తగ్గేటప్పుడు ఎవడికి ఉండదు?”

“ఒరేయ్, ఒక్కసారి స్కానింగ్ తీయిద్దాం.”

అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. “ఆ మాట ఇంకోసారి అనకు. ఇప్పుడు తప్పుకుంటే ఏమంటారో తెలుసా? ఒకణ్ణి మంచాన పడేసి, తన వంతు వచ్చేసరికి పారిపోయాడంటారు. హంతకుడంటే పడ్డాను అక్కా. పిరికివాడంటే పడలేను.”

అతను వెళ్ళాక మణికట్టు చూసుకుంది. అతను కుడి చేత్తో పట్టుకునుంటే కందిపోయేది. పట్టుకున్నది ఎడమ చేత్తో. ఏ గుర్తూ లేదు.

శుక్రవారం పొద్దున తూకం. హాలు నిండా కెమెరాలు. కందిరీగ త్రాసు ఎక్కాడు. యాభై ఆరు కిలోల తొమ్మిది వందలు. దిగి ప్రత్యర్థికి ఎదురుగా నిలబడి నోరంతా తెరిచి ఆవలించాడు. సగం హాలు నవ్వింది, సగం హాలు ఛీ కొట్టింది. అది వేషం కాదని ఆ హాలు మొత్తంలో ఆమె ఒక్కతికే తెలుసు.

పక్క గదిలో సంఘం డాక్టరు పరీక్ష. నెరిసిన జుట్టు, నెమ్మదైన మనిషి. కళ్ళు చూశాడు, వేలు ముక్కుకి ఆనించమన్నాడు, గీత మీద నడిపించాడు. కందిరీగ పళ్ళు బిగించి అన్నీ చేశాడు.

“ఈ నెలలో తలకి దెబ్బలేమైనా?”

“లేవు” అన్నాడు కందిరీగ.

“లేవండీ” అన్నాడు మాస్టారు.

డాక్టరు కాగితం మీద కలం పెట్టి, నర్సమ్మ వైపు తలెత్తాడు. “మీరు ఆసుపత్రి మనిషి. మీరేమంటారు?”

తమ్ముడు ఆమెనే చూస్తున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“లేదు సార్” అంది.

డాక్టరు సంతకం చేశాడు.

శనివారం సాయంత్రం, పోటీకి గంటన్నర ముందు, బట్టలు మార్చుకునే గదిలో ఆమె తమ్ముడి చేతులకు గుడ్డపట్టీ చుడుతోంది. గోడ అవతల జనం కాళ్ళతో నేల తన్నుతుంటే బల్ల అదురుతోంది. ఎడమ చెయ్యి పూర్తిచేసి అతని ఒళ్ళో పెట్టి, కుడి చెయ్యి అందుకుంది.

“అక్కా, ఎడమ చేతికి కట్టవా?”

ఆమె ఆగిపోయింది. “కట్టాను కదరా.”

అతను ఒళ్ళోకి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత, చిన్నప్పుడు గదిలో దీపం ఆర్పితే మాట్లాడే గొంతుతో, “భయమేస్తోందక్కా” అన్నాడు.

“దేనికి?”

“బయటికెళ్ళి ఏ వైపు తిరగాలో గుర్తుకు రావట్లేదు. మాస్టారికి చెప్పకు.”

ఆమె కుడిచేతి పట్టీ చివర ముడిచి, “ఐసు తెస్తాను” అని లేచింది. నడవా మలుపులో మాస్టారు ఎదురుపడ్డాడు.

“ఎక్కడికమ్మా?”

“ఐసుకి.”

“ఐసు అటుంది కదా. ఇటు డాక్టరు గది.”

“తెలుసు మాస్టారూ.”

అతను నడవాకి అడ్డంగా నిలబడ్డాడు. “అమ్మా, ఒక్క నలభై నిమిషాలు. నేను మూలలోనే ఉంటాను కదా. తేడా వస్తే నేనే ఆపేస్తాను.”

“తేడా వచ్చేసింది. తప్పుకోండి.”

అతను తప్పుకోలేదు. ఆమె భుజంతో తోసుకుని వెళ్ళింది. జన్మలో ఎవర్నీ తోసి ఎరగదు. వెనక నుంచి, “వాడు నిన్ను జన్మలో క్షమించడు!” అన్న అరుపు వినిపించింది. నిజమేననుకుంది. అయినా ఆగలేదు.

డాక్టరు అంతా విని కళ్ళజోడు తీశాడు. “నిన్న అడిగాను కదమ్మా.”

“నిన్న అబద్ధం చెప్పాను సార్.”

ఆయన ఇంకో మాట అడక్కుండా లేచి పరుగెత్తాడు.

అంబులెన్సులో కందిరీగ ఆమె ముఖంలోకి చూసి, “నువ్వేనా?” అన్నాడు. “నేనే” అంది. అతను ముఖం అటు తిప్పేసుకున్నాడు. స్కానింగ్‌లో పుర్రెకీ మెదడుకీ మధ్య నెత్తురు పేరుకుని కనిపించింది. ఇంకొక్క దెబ్బ పడుంటే ఇక్కడిదాకా తేవలసిన పని ఉండేది కాదన్నాడు సర్జను. గంటలో ఆపరేషన్ మొదలుపెట్టారు. అక్కడ పోటీ హాల్లో జనం కుర్చీలు విరగ్గొట్టారు. కందిరీగ పారిపోయాడని టీవీలో అరిచారు.

మర్నాడు మధ్యాహ్నం అతను కళ్ళు తెరిచేదాకా ఆమె ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది. మాట ఉంటుందా, ఉండదా? సర్జను వంగి, “ఈవిడెవరో చెప్పండి” అన్నాడు. కందిరీగ పెదాలు రెండుసార్లు కదిలాయి. శబ్దం రాలేదు. ఆమెకు మంచాన పడ్డ ఆ మనిషి నోరు కళ్ళ ముందు మెదిలింది.

“మా అక్క” అన్నాడు మూడోసారి. “బయటికి పంపించండి. నాకు ఈవిడ ముఖం చూడాలని లేదు.”

ఒక్క అక్షరం కూడా తడబడలేదు. ఆమె బయటికి వచ్చి, గోడకి చేరగిలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. అటుగా వెళ్తున్న ఆయా చెడ్డ కబురు అనుకుని భుజం తట్టింది.

బెల్టును సంఘం వెనక్కి తీసుకుంది. అతను ఇక జన్మలో రింగు ఎక్కకూడదన్నారు. నడక కుదుటపడేదాకా ఉండడానికి అక్క ఇల్లు తప్ప వేరే చోటు లేదు. పెట్టింది తినేవాడు. ఏమైనా కావాలంటే గోడకేసి చెప్పేవాడు.

రెండు నెలలకు సంఘం విచారణ పెట్టింది. తనకేమీ తెలియదన్నాడు మాస్టారు. సాధన జతగాడు వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాక తల వంచుకున్నాడు. నర్సమ్మను అందరూ మెచ్చుకోబోయారు. ఆమె లేచి నిలబడింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో చీర అంచు మెలితిప్పుతూనే, “డాక్టరుగారు ముందురోజే అడిగారండీ. లేదని చెప్పింది నేనే. ఆ రాత్రే ఏమైనా అయ్యుంటే చంపింది నేనే అయ్యేదాన్ని. అది కూడా రాసుకోండి” అంది. రాసుకున్నారు. మాస్టారిని ఐదేళ్ళు ఆటకు దూరం పెట్టారు. ఆమెను ఇక ఎవరి మూలలోనూ నిలబడవద్దన్నారు. ఆసుపత్రివాళ్ళు గట్టిగా మందలించి ఉద్యోగం ఉంచారు.

బయట మెట్ల మీద మైకులు చుట్టుముట్టాయి. “భయపడి తప్పుకున్నారంటున్నారు, ఏమంటారు?” అని ఎవరో కందిరీగ ముఖం మీదే అడిగారు. తమ్ముడు చెయ్యి చేసుకుంటాడేమోనని నర్సమ్మ మధ్యలోకి జరిగింది. అతను ఆ అడిగినవాణ్ణి ఎగాదిగా చూసి, అక్క వైపు తిరిగాడు.

“ఎన్ని మెట్లున్నాయి?”

రెండు నెలల్లో ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది.

“పద్నాలుగు.”

“చెయ్యి ఇలా ఇవ్వు.”

ఎడమ కాలు ఇంకా కాస్త ఈడుస్తున్నాడు. ఆమె ఒక్కో మెట్టూ గట్టిగా లెక్కపెడుతూ దింపింది. ఎనిమిదో మెట్టు దగ్గర అతను ఆగి, “తొందరేం లేదు, నువ్వు పడతావు” అన్నాడు.