బావగారి పాయింట్లు

మేజర్ కేశవ దొంగ కాదు. ఆ మాట ఎవరూ అడక్కపోయినా ఆయనే చెప్పుకునేవాడు. ఫిజీ రాజధాని సువాలో సైన్యం వాళ్ల ప్రయాణాల పనంతా ఆయన చేతిమీదుగా నడిచేది. సినాయ్ ఎడారిలో శాంతి కాపలాకు వెళ్లే సిపాయిలకు విమానం టికెట్లు, పై ఆఫీసర్లకు హోటల్ గదులు, బండ్లకు పెట్రోలు, అన్నీ ఆయనే చూసేవాడు. చూడడమంటే, ఖర్చంతా ముందు తన సొంత క్రెడిట్ కార్డు మీద పెట్టేవాడు. సర్కారు ఆ డబ్బు తర్వాత అణాపైసలతో తిరిగి ఇచ్చేసేది. కార్డు మీద పడ్డ పాయింట్లు మాత్రం మేజర్‌గారి దగ్గరే ఉండిపోయేవి. సర్కారుకు ఒక్క సెంటు నష్టం లేదు, నాకింత లాభం, ఇందులో తప్పేముందని ఆయన వాదన. ఆ వాదనతోనే ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది, గోడంత టీవీ వచ్చింది, ఏటేటా సిడ్నీ షికారు వచ్చింది.

ఆ కార్డుకు రెట్టింపు పాయింట్లు ఇచ్చే విమానాల కంపెనీ ఒకటుండేది. ఇంకేముంది, దేశసేవకు వెళ్లే సిపాయిలంతా దాంట్లోనే ఎగరాల్సి వచ్చేది. ఆ కంపెనీ విమానం తిన్నగా వెళ్లిన పాపాన పోలేదు. ఊరూరా దిగి, విమానాలు మారి, ఎయిర్‌పోర్టుల్లో బ్యాగులు తలకింద పెట్టుకుని నేలమీద పడుకుని, మొహాలు పీక్కుపోయి ఇల్లు చేరేవారు పాపం. సిపాయి అన్నాక ఓపిక ఉండాలయ్యా అని మేజర్‌గారు ధైర్యం చెప్పేవారు. ఆయన ఓపిక మాత్రం వెడల్పాటి సీట్లో కాళ్లు చాపుకుని, జ్యూసు తాగుతూ ఉండేది.

ఆయన భార్య కామిని సువాలో టీచరు. ఆ ఫ్రిజ్‌లో చల్లటి నీళ్లు తాగినన్నాళ్లూ ఆమెకూ ఇందులో తప్పు కనిపించలేదు. తెలుగు సంఘంలో ఎవరో ఆడవాళ్లు గుసగుసలాడితే, కళ్లలో నిప్పులు పోసుకుంటున్నారని మూతి మూడు వంకర్లు తిప్పింది కూడాను.

అలా ఉండగా దీవికి అటువైపు, లౌటోకా పట్నం పక్కన లోవు పల్లెలో కామిని తల్లి పాపమ్మ మంచం పట్టింది. చక్కెర జబ్బు కాళ్లను తినేసి కిడ్నీల దాకా వచ్చింది. ఆస్పత్రి వాళ్లు చేయగలిగింది ఏమీ లేదని ఇంటికి పంపేశారు. కామిని బడికి సెలవు పెట్టి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ముసలామెకు చావంటే భయం లేదు. చెరకు చేలల్లో బతికిన మనిషి, మొగుణ్ణి సాగనంపిన మనిషి. ఆమెకు ఉన్నది ఒకటే కోరిక. పోయే ప్రాణానికి కొడుకు చేతి తులసి నీళ్లు నోట్లో పడాలి. చెరకు కూలికని ఇండియా నుంచి ఓడెక్కి వచ్చిన ఆమె అవ్వ దగ్గర్నుంచి ఆ ఇంట్లో అలాగే జరిగింది. తెలుగు మాటలు చాలా పోయాయి గాని ఈ ఆచారం పోలేదు. ఆ కొడుకు బిజయ్ సినాయ్‌లో కార్పొరల్.

“బిజయ్‌ని పిలు బేటీ,” అంది పాపమ్మ. “వాని చేతి నీళ్లు నాకు కావాల. అందాక ఆగుతా.”

ఆగుతానని ఆమె అన్న తీరు చూస్తే ఆగేటట్టే ఉంది. కామిని వెంటనే మొగుడికి ఫోన్ చేసింది. తల్లి ప్రమాదంలో ఉంటే సిపాయికి సర్కారే టికెట్ ఇస్తుంది, అది ఎలాగూ కేశవ చేతిలో పనే. ఫికర్ పడొద్దు, నేనున్నానుగా అన్నాడాయన. సాయంత్రానికల్లా టికెట్ అయిపోయిందని చెప్పాడు. ఇంత పలుకుబడి ఉన్న మొగుడు దొరికినందుకు కామిని ఆ పూట లోలోపల మురిసింది.

గురువారం మధ్యాహ్నం వాకిట్లో టాక్సీ ఆగింది. కామిని పరుగున వెళ్లింది. దిగింది బిజయ్ కాదు, సాకియూసా. బిజయ్‌తో ఒకే గుడారంలో ఉండే ఫిజియన్ సార్జెంటు, బా అనే పట్నం దగ్గర ఊరు అతనిది. మామూలు సెలవు మీద వచ్చాడు. ఇద్దరూ ఒకే రోజు పొద్దున క్యాంపు నుంచి బయల్దేరారట. సాకియూసా టికెట్ అక్కడి క్యాంపు వాళ్లే కొన్నారు కాబట్టి అతను దగ్గర దారిలో వచ్చి నాందీ ఎయిర్‌పోర్టులో దిగాడు. తన ఇంటికి పోకముందే, స్నేహితుడి తల్లిని చూసిపోదామని పెద్దల ఇంటికి పోయేటప్పుడు తీసుకుపోయే యంగోనా వేళ్ల కట్ట, నీళ్లలో పిసికి తాగేది, చేతిలో పట్టుకుని వచ్చాడు.

“బిజయ్ కహాఁ, దీదీ?” అని, బిజయ్ ఏడని అడిగాడు లోపలికి చూస్తూ. బిజయ్ ఈపాటికి ఇల్లు చేరి ఉంటాడనే అతను అనుకున్నాడు.

కామిని ఫోన్ కోసం లోపలికి పరుగెత్తింది. మొగుడికి ఫోన్ చేస్తే, ఏం చేయను, దగ్గర దారి విమానాలన్నీ నిండిపోయాయి, దొరికిందే మహాభాగ్యం అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మకపోతే ఇంక దేన్ని పట్టుకుని కూర్చోవాలి? అదే వేళకు బిజయ్ కూడా ఏదో ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు. తర్వాతి విమానం రేపటికి గాని లేదట. బావ అంత తొందరగా టికెట్ ఇప్పించాడు, ఆయనకు నా దండాలు చెప్పు అక్కా అన్నాడు ఆ వెర్రిబాగులవాడు.

శుక్రవారం తెల్లారేసరికి పాపమ్మ ఊపిరి మారింది. కళ్లు మసకబారాయి. గాలిలో చేయి చాపి కొడుకు కోసం వెతికింది. ముందురోజు ఇల్లు వదిలి వెళ్లలేక వరండాలోనే పడుకున్న సాకియూసా వచ్చి ఆ చేయి పట్టుకున్నాడు. సిపాయి చేయి, గరుకుగా, బలంగా ఉంది. ముసలామె దాన్ని వదల్లేదు. కామిని ఒక్క క్షణం ఆలోచించి, తులసి నీళ్ల చెంచా అతని చేతిలో పెట్టింది. అతను మోకాళ్ల మీద కూర్చుని, అమ్మా అని పిలిచి, ఆ నీళ్లు ఆమె నోట్లో పోశాడు. పాపమ్మ మింగింది. కొడుకే అనుకుందో, కాదని తెలిసీ ఊరుకుందో ఎవరికీ తెలియదు. అడగడానికి ఆమె లేదు.

బిజయ్ ఆ సాయంత్రం వచ్చాడు. శవం కాళ్ల మీద తల పెట్టి చాలాసేపు లేవలేదు. మర్నాడు చితికి నిప్పు పెట్టాడు. సువా నుంచి సర్కారు బండిలో, సర్కారు డ్రైవరుతో దిగిన కేశవ అన్ని పనులకూ ముందు నిలబడి, అందరికీ హుకుములిచ్చి, అల్లుడంటే ఇలా ఉండాలని అనిపించుకున్నాడు.

అస్థికలు తెచ్చిన రోజు సాయంత్రం పలకరింపుకు జనం వచ్చారు. వాకిట్లో టార్పాలిన్ కింద చాప పరిచి, నడుమ యంగోనా గిన్నె పెట్టారు. మగవాళ్లంతా చుట్టూ కూర్చున్నారు. తెలుగు సంఘం ప్రెసిడెంటు దొరస్వామి పక్కన కేశవ కూర్చున్నాడు. రెండు కొబ్బరి చిప్పల యంగోనా తాగేసరికి ఆయన నాలుక తేలికైంది.

“అత్తమ్మ పోవడం దుఃఖమే,” అన్నాడు. “కానీ చూడండి, ఆమె చలవ. బిజయ్ టికెట్ పాయింట్లతో మన కార్డు గోల్డ్ అయిపోయింది. ఇంక కామిని, నేను, బిజయ్, ముగ్గురం ఫ్రీగా ఇండియా పోయి గోదావరిలో అస్థికలు కలిపేస్తాం. ఒక్క సెంట్ ఖర్చు లేదు.”

దొరస్వామి వాహ్ మేజర్ సాబ్ అన్నాడు. ఇంకో ఇద్దరు తలలూపారు. పరాయి డబ్బుతో చేసే పుణ్యం ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది మరి.

గడపలో టీ పళ్లెం పట్టుకుని నిలబడ్డ కామినికి ఆ మాటలు చెవిన పడ్డాయి. గోల్డ్ అన్న ముక్క దగ్గరే, తమ్ముణ్ణి చుట్టుదారిలో ఎందుకు తిప్పాడో ఆమెకు అంతా అర్థమైపోయింది. ఇన్నేళ్లు ఆయన లెక్కలు దగ్గరుండి చూసిన మనిషి, విడమరిచి చెప్పాల్సిన పని లేదు. పళ్లెం కింద పెట్టి, ఆడవాళ్లు ఎప్పుడూ రాని ఆ చాప దగ్గరికి నడిచి వచ్చింది.

“సాకియూసా, నీ విమానంలో సీట్లు నిండిపోయినాయా?”

సాకియూసా మేజర్ వంక చూశాడు. ఆఫీసరు ముందు సార్జెంటు నోరు ఊరికే పెగలదు. తల వంచుకుని గిన్నెలోకి చూశాడు.

“హమార్ బగల్ మే సీట్ ఖాళీ రహా, దీదీ,” అన్నాడు చివరికి. తన పక్క సీటే కాదు, ఖాళీ సీట్లు ఇంకా బోలెడున్నాయనీ, కాళ్లు చాపుకుని పడుకునే వచ్చాననీ, తనదే తప్పన్నట్టు సిగ్గుపడుతూ చెప్పాడు.

చిప్ప అందుకోబోయిన చేతులు ఆగిపోయాయి. కేశవ ముఖం కందగడ్డలా అయింది. అయినా తగ్గలేదు. ఏ రూలు తప్పానో చెప్పమన్నాడు. టికెట్ కొన్నానా లేదా, కుర్రాడు వచ్చాడా లేదా అని దబాయించాడు. తన మాటకు ఎవరైనా వత్తాసు పలుకుతారేమోనని చుట్టూ చూశాడు. దొరస్వామి చాప అంచు పీకుతున్నాడు.

“సర్కార్‌కి ఒక్క సెంట్ నుక్సాన్ లేదు,” అన్నాడు కేశవ.

“సర్కార్‌ది పోలేదు,” అంది కామిని. “మా అమ్మది పోయింది.”

ఆమె గొంతు పెంచలేదు. ఆ మనిషి మీద ఆమెకు కోపం కూడా రాలేదు, ఒళ్లంతా రోత పుట్టింది. అందులో సగం తన మీదేనని కూడా ఆమెకు తెలుసు. అస్థికలు గోదావరికి రావనీ, రేపు పొద్దున్నే ఇక్కడి సముద్రంలోనే కలుపుతామనీ, దానికి బస్సు చార్జీ తన జీతంలో ఉందనీ చెప్పింది.

కేశవ ఇంక బిజయ్ వైపు తిరిగాడు. ఆడదానికి తెలియకపోయినా సిపాయికి తెలుస్తుందని కాబోలు. నవ్వు తెచ్చిపెట్టుకుని, నువ్వు సినాయ్ తిరిగి పోయే టికెట్ పెద్ద సీట్లో వేయిస్తానురా, ఈసారి హాయిగా పడుకుని పోవచ్చు అన్నాడు.

బిజయ్ లేచి నిలబడ్డాడు. మడమలు కలిశాయి, చేతులు పక్కలకు అతుక్కున్నాయి, చూపు ఆయన తల మీదుగా ఎటో పోయింది.

“నాకు వద్దు, సార్.”

“ఇంట్లో సార్ ఏందిరా? బావ అను.”

బిజయ్ ఆ మాట అనలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ అనలేదు.